వంశంలో క్యాన్సర్ ఉంటే: ఏ జన్యు పరీక్ష, ముందు ఎవరికి?

“అమ్మకి రొమ్ము క్యాన్సర్. నాకు ముప్పై రెండేళ్లు. బ్రాకా ఒక్కటి చేయించుకుంటే చాలా, పెద్ద ప్యానెల్ చేయించుకోవాలా?” బ్రాకా అంటే మార్పు ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే రెండు జన్యువులు. ప్యానెల్ అంటే చాలా జన్యువుల్ని ఒకేసారి చూసే పరీక్ష. ఇలా అడిగిన ప్రతివారినీ నేను తిరిగి అడిగేది ఒకటే: అమ్మగారికి చేయించారా?

చాలామంది చేయించి ఉండరు. “ఆవిడకి ఎలాగూ వచ్చేసింది కదా, ఇంక టెస్టు దేనికి?” అంటారు. మా ఇంట్లోనూ అదే అనుకున్నాం. అమ్మ కీమోలో ఉండగా నేను ఒక ల్యాబులో రక్తం ఇచ్చాను. మూడు వారాలకి నెగెటివ్ అని వచ్చింది. గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చాం. చాలా నెలల తర్వాత ఒక జెనెటిక్ కౌన్సెలర్ (జన్యు పరీక్షల మీద సలహా ఇచ్చే నిపుణులు) ఆ కాగితం చూసి, “అమ్మకి చేయకుండా ఈ నెగెటివ్‌ని ఎలా చదవాలమ్మా?” అన్నారు. అప్పుడు అమ్మకి చేయిస్తే బ్రాకా2 జన్యువులో మార్పు దొరికింది. అదే మార్పు నాలో వెతికితే లేదని తేలింది. నా రిపోర్టుకి అర్థం వచ్చింది ఆ రోజే. అన్నయ్యకి మాత్రం అది ఉంది.

ఏ పరీక్ష అన్నది రెండో ప్రశ్న. ఎవరి రక్తం ముందు తీయాలన్నదే మొదటి ప్రశ్న. ఈ వరుస తిరగబడితే ఎంత ఖరీదైన ప్యానెల్ చేయించినా మిగిలేది కాగితమే.

## ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

ఒక అపోహ తీసేద్దాం. ఈ పరీక్ష ఒంట్లో క్యాన్సర్ ఉందో లేదో చెప్పదు. తల్లి నుంచో తండ్రి నుంచో పుట్టుకతో వచ్చిన జన్యు మార్పు ఒకటి క్యాన్సర్ ముప్పును పెంచుతోందా అన్నది మాత్రమే చెబుతుంది. మొత్తం క్యాన్సర్లలో ఇలా వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. కాబట్టి ఇంట్లో ఒకరికి వచ్చిందనగానే అందరూ ల్యాబుకి పరుగెత్తనక్కర్లేదు.

పరీక్షకు తగిన కారణం ఉందా? డాక్టర్లు చూసే గుర్తులు ఇవి: యాభై ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్, ఏ వయసులోనైనా ట్రిపుల్ నెగెటివ్ (హార్మోన్, హెర్2 గ్రాహకాలు మూడూ లేని) రకం, రెండు రొమ్ముల్లోనూ రావడం, మగవారికి రొమ్ము క్యాన్సర్, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్ లేదా పాంక్రియాస్ క్యాన్సర్, పాకిపోయిన ప్రోస్టేట్ క్యాన్సర్, యాభైలోపు పెద్దపేగు లేదా గర్భాశయ క్యాన్సర్, పేగులో పదికి మించి పాలిప్స్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండలు), ఒకే వైపు బంధువుల్లో ముగ్గురు నలుగురికి రావడం. వీటిలో అండాశయ క్యాన్సర్‌ను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. అది వచ్చిన ఆరేడుగురిలో ఒకరికి బ్రాకా మార్పు ఉంటుంది. కుటుంబంలో ఇంకెవరికీ లేకపోయినా ఆమెకి పరీక్ష చేయించాలి.

వంశవృక్షం సరిగ్గా ఉందా? మన ఇళ్లలో ఇది చాలా తప్పుగా ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ అంటే అమ్మ వైపే చూస్తారు. బ్రాకా మార్పు నాన్న వైపు నుంచి కూడా సరిగ్గా అంతే వస్తుంది, ఒక్కో బిడ్డకి సగానికి సగం అవకాశంతో. మేనత్తలు పెళ్లయి ఇంటిపేరు మారి వెళ్లిపోతారు కనుక వాళ్ల జబ్బులు “ఆ ఇంటి” జబ్బులుగా మిగిలిపోతాయి. నాయనమ్మ “కడుపులో గడ్డ”తో పోయిందంటారు. అది అండాశయమా, కాలేయమా, పేగా అని అడిగేవారుండరు. ఆ తరంలో క్యాన్సర్ అనే మాట నోటితో పలకడమే కష్టంగా ఉండేది.

ఇంకో సంగతి ఉంది. గర్భసంచి తీసే ఆపరేషన్లు దేశంలో అత్యధికంగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి. చిన్న వయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసి ఉంటే, ఆ స్త్రీలో మార్పు ఉన్నా అండాశయ క్యాన్సర్ బయటపడే అవకాశం చాలా తగ్గిపోతుంది. వంశం శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే “పెద్దమ్మకి ఆపరేషన్ అయింది” అని విని ఊరుకోకండి. డిశ్చార్జి కాగితంలో అండాశయాలు తీశారో ఉంచారో చూడండి.

రిపోర్టు వచ్చాక ఏం మారుతుంది? పాజిటివ్ వస్తే చేయగలిగింది ఉంటేనే పరీక్షకు విలువ. బ్రాకా విషయంలో అది చాలానే ఉంది. ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుటుంబాలను పరిశీలించి 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు బ్రాకా1లో మార్పు ఉన్న స్త్రీలకి సుమారు 72 శాతం, బ్రాకా2లో మార్పు ఉన్నవారికి 69 శాతం. అండాశయ క్యాన్సర్‌కు అవే లెక్కలు 44, 17. ఇలాంటివారికి 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎంఆర్ఐ, 30 నుంచి దానితో పాటు మామోగ్రామ్ సూచిస్తారు. అండాశయ క్యాన్సర్‌ను తొలిదశలో నమ్మకంగా పట్టే స్క్రీనింగ్ లేదు. సీఏ-125 అనే రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ ఆ పని చేయలేవు. అందుకే పిల్లలు వద్దనుకున్నాక బ్రాకా1 ఉంటే 35–40 మధ్య, బ్రాకా2 ఉంటే 40–45 మధ్య అండాశయాలు, ఫెలోపియన్ నాళాలు తీయించుకోమంటారు. జబ్బు వచ్చినవారికైతే ఓలాపారిబ్ లాంటి మాత్రలు పనికొస్తాయో లేదో కూడా ఈ రిపోర్టే చెబుతుంది. అమ్మకి “ఇంక టెస్టు దేనికి” అన్నదానికి జవాబు ఇదే.

నెగెటివ్ అంటే ఏ నెగెటివ్? కుటుంబంలో మార్పు ఫలానా అని తెలిసి, అది మీలో లేకపోతే నిజమైన నెగెటివ్. మీ ముప్పు అందరి ముప్పుతో సమానంగా దిగుతుంది. కుటుంబంలో ఎవరికీ పరీక్ష జరగకుండా మీ ఒక్కరికే నెగెటివ్ వస్తే దానికి మూడు అర్థాలు ఉండొచ్చు: అమ్మకి మార్పు ఉండి మీకు రాకపోవడం; అసలు అమ్మకే లేకపోవడం; మార్పు ఉన్నా ఈ పరీక్ష పట్టలేకపోవడం. ఈ మూడింటిలో ఏది నిజమో ఆ కాగితం చెప్పదు.

అర్థం తేలని మార్పు వస్తే? దీన్ని వీయూఎస్ అంటారు. జన్యువులో తేడా కనిపించింది, అది హానికరమో కాదో ఇంకా తెలియదని దాని భావం. ప్రపంచంలోని జన్యు సమాచారంలో ఎక్కువ భాగం ఐరోపా మూలాలవారిది. మనవాళ్ల డేటా తక్కువ కనుక మనకి ఈ ఫలితం తరచుగా వస్తుంది. వీటిలో ఎక్కువ భాగం తర్వాత నిరపాయమైనవిగానే తేలుతున్నాయి. వీయూఎస్ చూసి ఎవరూ ఆపరేషన్ చేయించుకోకూడదు, బంధువులను పరీక్షకు లాగకూడదు. ఏడాది రెండేళ్లకొకసారి ల్యాబుని అడిగి దాని స్థితి మారిందేమో కనుక్కుంటే సరిపోతుంది.

## పరీక్షలు ఒక్కొక్కటిగా

| పరీక్ష | ఎవరికి నప్పుతుంది | నెగెటివ్ వస్తే | వీయూఎస్ అవకాశం | ఖర్చు |
|---|---|---|---|---|
| తెలిసిన ఒక్క మార్పుకే | కుటుంబంలో మార్పు ఇప్పటికే దొరికినవారికి | ఆ ముప్పు మీకు రాలేదు | దాదాపు లేదు | అన్నిటికంటే తక్కువ |
| బ్రాకా1, బ్రాకా2 మాత్రమే | రొమ్ము, అండాశయ చరిత్ర స్పష్టంగా ఉండి ఖర్చు భారమైనవారికి | మిగతా జన్యువుల సంగతి తేలదు | తక్కువ | మధ్యస్థం |
| మల్టీజీన్ ప్యానెల్ | మొదటగా పరీక్ష చేయించుకుంటున్న రోగికి | రోగికైతే చాలావరకు నమ్మొచ్చు | ఎక్కువ | ఎక్కువ |
| గడ్డ ముక్క మీద | చికిత్స నిర్ణయానికి, పెద్దపేగు క్యాన్సర్‌లో తొలిమెట్టుకి | వంశపారంపర్యం లేదని ఖాయం కాదు | పరీక్షను బట్టి | పరీక్షను బట్టి |
| ఇంటికొచ్చే లాలాజలం కిట్ | వైద్య నిర్ణయానికి ఎవరికీ కాదు | ఏమీ తేల్చదు | వర్తించదు | కంపెనీని బట్టి |

తెలిసిన ఒక్క మార్పుకే చేసేది. ఇంత చవకగా ఇంత కచ్చితంగా జవాబిచ్చే పరీక్ష మరొకటి లేదు. జబ్బు వచ్చినవారి రిపోర్టులో జన్యువు పేరు, దాని పక్కన ‘సి.’ అనే అక్షరంతో మొదలయ్యే అంకెల వరుస ఉంటాయి. ఆ వరుసే మీ కుటుంబానికి చిరునామా. దాని కాపీ లేకుండా ల్యాబుకి వెళ్లకండి. “మా అక్కకి బ్రాకా పాజిటివ్ అండి” అని నోటితో చెబితే వాళ్లు మళ్లీ మొత్తం వెతకాల్సి వస్తుంది. అక్క అమెరికాలో చేయించుకుని ఉంటే ఆ పీడీఎఫ్ తెప్పించుకోండి. ఇక్కడి ల్యాబుకి అదే చాలు. కొన్ని ల్యాబులు మొదటి రిపోర్టు వచ్చాక కొంత గడువులోపు దగ్గరి బంధువులకు ఉచితంగానో తక్కువకో చేస్తాయి. ఆ గడువు ఎంతో ముందే అడగండి. ఒక్క జాగ్రత్త: అమ్మ వైపు మార్పు తెలిసినా, నాన్న వైపు కూడా క్యాన్సర్లు ఉంటే ఈ ఒక్కటి చాలదు.

బ్రాకా1, 2 మాత్రమే. 1994లో బ్రాకా1ను, ఆ మరుసటి ఏడాది బ్రాకా2ను గుర్తించాక చాలా ఏళ్లపాటు ఇదొక్కటే దారి. ఇప్పుడు ప్యానెల్ ధర దిగివచ్చి తేడా తగ్గింది. దీన్నే ఎంచుకుంటే ఒక్క మాట అడగాలి: పెద్ద పెద్ద ముక్కలు ఊడిపోయిన మార్పుల్ని కూడా వెతుకుతారా? మామూలు సీక్వెన్సింగ్ (జన్యువును అక్షరం అక్షరం చదివే పద్ధతి) ఒక్కోసారి వాటిని దాటేస్తుంది. వాటికి ఎంఎల్‌పీఏ అనే పద్ధతి గానీ, దానికి సమానమైన విశ్లేషణ గానీ ఉండాలి. రిపోర్టు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఇది రాసి ఉంటుంది.

మల్టీజీన్ ప్యానెల్. కుటుంబంలో మొదటగా పరీక్ష చేయించుకునే రోగికి నేను దీన్నే సూచిస్తాను. రొమ్ము క్యాన్సర్ అంటే బ్రాకా ఒక్కటే కాదు. పాల్బ్2 అనే జన్యువులో మార్పు తెచ్చే ముప్పు దాదాపు బ్రాకా2కి దగ్గరగా వస్తుంది. ఏటీఎం, చెక్2 అనే జన్యువుల్లో మార్పులు మధ్యరకం ముప్పు తెస్తాయి. పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు కలిసి ఉన్న ఇంట్లో లించ్ సిండ్రోమ్ (ఆ క్యాన్సర్ల ముప్పును వంశపారంపర్యంగా పెంచే స్థితి) జన్యువులు (ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2) చూడాలి. వాటిలో మార్పు ఉందని తేలితే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొలనోస్కోపీతో పాలిప్ దశలోనే తీసేయవచ్చు.

జన్యువుల సంఖ్య పెరిగినకొద్దీ వీయూఎస్‌లూ పెరుగుతాయి. వంద జన్యువులు చూస్తామనే ప్యాకేజీ ఇరవై ముప్పై చూసేదానికంటే మంచిదని అనుకోకండి. ఏం చేయాలో వైద్యానికి తెలిసిన జన్యువులకే పరిమితమైన ప్యానెల్ అడగండి. ఆ అదనపు డెబ్బై జన్యువుల వల్ల మీకు దక్కేది నిద్రలేని రాత్రులే కావచ్చు.

గడ్డ ముక్క మీద చేసేవి. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయినవారికి ఆసుపత్రిలో దాచిన బ్లాకు (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్క) మీద ఎంఎంఆర్ (డీఎన్ఏలో తప్పులు దిద్దే) ప్రోటీన్లు ఉన్నాయో లేదో చూసే ఐహెచ్‌సీ చేస్తారు. ఇది చవక, లించ్‌ను వడకట్టే తొలి జల్లెడ. ఎంఎల్‌హెచ్1 ప్రోటీన్ లేదని వస్తే కంగారు పడకండి. అది వయసుతో గడ్డలోనే వచ్చిన మార్పు కావచ్చు. గడ్డ మీదే చేసే బ్రాఫ్, మిథైలేషన్ పరీక్షలు అది తేలుస్తాయి. అండాశయ క్యాన్సర్‌లో గడ్డ మీద బ్రాకా చేసి పాజిటివ్ వస్తే చికిత్సకి ఉపయోగం, కానీ అది పుట్టుకతో వచ్చిందా, గడ్డలోనే పుట్టిందా అన్నది రక్త పరీక్షే చెప్పాలి. కుటుంబానికి కావలసింది ఆ రెండో జవాబు.

ఇంటికొచ్చే కిట్లు. విదేశాల్లో ఉన్న పిల్లలు ప్రేమతో పంపిస్తుంటారు. అమెరికాలో 2018లో 23అండ్‌మీ కిట్‌కు బ్రాకా విషయంలో మొదట అనుమతి వచ్చింది మూడే మూడు మార్పులకి. అవి ముఖ్యంగా అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాల) యూదుల్లో కనిపించేవి. 2023లో ఆ సంఖ్య 44కి పెరిగింది. ఆ రెండు జన్యువుల్లో హానికరమైన మార్పులు వేలల్లో ఉన్నాయి. ఆ కొద్దింటిలో ఏదీ లేదన్నమాటతో తెలుగింటి ఆడపడుచు ధైర్యం తెచ్చుకోకూడదు. ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసినప్పుడు లక్షలాదిమంది జన్యు సమాచారం ఎవరి చేతికి పోతుందోనన్న ఆందోళన కూడా చూశాం.

## మీరు ఏ గూటివారు?

జబ్బు మీకే వచ్చింది. రక్తపరీక్షగా ప్యానెల్ చేయించుకోండి, వీలైతే ఆపరేషన్ నిర్ణయానికి ముందే. ఎముక మజ్జ మార్పిడి జరిగి ఉంటే ముందే చెప్పాలి. మీ రక్తంలో ఉండేది దాత డీఎన్ఏ కనుక చర్మం నమూనాతో చేయాల్సి వస్తుంది.

అమ్మకో అక్కకో వచ్చింది, వాళ్లు ఉన్నారు. మీ డబ్బు వాళ్ల పరీక్షకి పెట్టండి. ఆవిడకి ప్యానెల్, అందులో దొరికినదానికి మీకు ఒక్క మార్పు పరీక్ష. రెండింటి ఖర్చు కలిపినా, అందరూ విడివిడిగా ప్యానెళ్లు చేయించుకునేదానికంటే తక్కువే అవుతుంది.

వాళ్లు ఇప్పుడు లేరు. ఇది కష్టమైన సందర్భం. ముందుగా చికిత్స జరిగిన ఆసుపత్రిలో బ్లాకులు ఉన్నాయేమో అడగండి. లేకపోతే, జబ్బు వచ్చిన మరో బంధువుకి చేయించండి, వాళ్లలోనూ చిన్న వయసులో వచ్చినవారికి ముందు. ఎవరూ లేకపోతే మీరే ప్యానెల్ చేయించుకోవచ్చు. పాజిటివ్ వస్తే అది పూర్తి జవాబు. నెగెటివ్ వస్తే మాత్రం కుటుంబ చరిత్రను బట్టే స్క్రీనింగ్ కొనసాగాలి.

మేనరికం ఉన్న ఇల్లు. దీని గురించి మనవాళ్లకి చెప్పేవారు తక్కువ. మేనమామనో మేనబావనో చేసుకున్నప్పుడు ఒకే తాత నుంచి వచ్చిన ఒకే మార్పు దంపతులిద్దరిలోనూ ఉండొచ్చు. బ్రాకా2 మార్పు ఇద్దరి నుంచీ బిడ్డకి వస్తే ఫాంకోని ఎనీమియా అనే తీవ్రమైన రక్త జబ్బు రావచ్చు. లించ్ జన్యువుల్లో అలా జరిగితే బాల్యంలోనే క్యాన్సర్లు వస్తాయి. మార్పు దొరికిన వంశంలో మేనరికం సంబంధం అనుకుంటుంటే, పెళ్లికి ముందు కాకపోయినా పిల్లలకి ముందైనా ఇద్దరికీ పరీక్ష చేయించాలి.

పిల్లలు. బ్రాకా, లించ్ లాంటివాటికి పద్దెనిమిది నిండకుండా పరీక్ష చేయరు. ఆ వయసులో చేయగలిగింది లేదు, తెలుసుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఆ బిడ్డది. మా అన్నయ్య కూతురికి తొమ్మిదేళ్లు. వదిన ఎన్నిసార్లు అడిగినా డాక్టరుగారు ఒప్పుకోలేదు, డాక్టరుగారు చేసింది సరైన పని. కొన్ని జబ్బులకి ఇది వర్తించదు. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ ఉన్న తల్లిదండ్రుల బిడ్డకి పుట్టగానే చూడాలి. పేగులో వందల పాలిప్స్ వచ్చే ఎఫ్ఏపీ ఉన్న ఇంట్లో పది పన్నెండేళ్లకే పేగు పరీక్ష మొదలవుతుంది కనుక జన్యు పరీక్ష కూడా ఆలోపే చేస్తారు.

ఇప్పుడే వద్దనుకునేవారు. అదీ ఒక ఎంపికే. పెళ్లి కుదురుతున్న సమయంలో, కడుపుతో ఉన్నప్పుడు, ఇంట్లో మరణం జరిగిన నెలల్లో ఈ జవాబు మోయడం కష్టం. అలాంటప్పుడు వంశవృక్షం రాసి డాక్టరుకి చూపించి, దానికి తగ్గ స్క్రీనింగ్ మొదలుపెట్టి, పరీక్షను వాయిదా వేయవచ్చు. స్క్రీనింగ్‌ను మాత్రం వాయిదా వేయకండి.

## కౌన్సెలింగ్, ఇన్సూరెన్స్

రక్తం తీసే ముందు ఒకసారి, రిపోర్టు వచ్చాక ఒకసారి కౌన్సెలింగ్ ఉండాలి. ఆ రెండూ లేని చౌక ప్యాకేజీ కంటే అవి ఉన్న ఖరీదైనదే మేలు. హైదరాబాద్‌లో నిమ్స్‌కి మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీలో జన్యు నిర్ధారణ సేవలు ఉన్నాయి. ముంబై టాటా మెమోరియల్‌లో క్యాన్సర్ జెనెటిక్స్ క్లినిక్ నడుస్తోంది.

జన్యు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. 2018లో ఢిల్లీ హైకోర్టు ఒక ఆరోగ్య బీమా కేసులో జన్యుపరమైన కారణంతో వివక్ష చూపడాన్ని తప్పుపట్టింది. అదే ఏడాది ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) కూడా జన్యు జబ్బులకు బీమా వర్తించదన్న షరతు చూపి క్లెయిములు తిరస్కరించవద్దని కంపెనీలకు చెప్పింది. అమెరికాలో 2008 నాటి జినా చట్టం ఆరోగ్య బీమాకి, ఉద్యోగానికి రక్షణ ఇస్తుంది. జీవిత బీమాకి ఇవ్వదు. ఇక్కడైనా అక్కడైనా టర్మ్ పాలసీ తీసుకోవాలనుకుంటే పరీక్షకు ముందే ఆలోచించుకోండి. తీసుకునేటప్పుడు ఫారంలో అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు రాయండి.

## బంధువులకు చెప్పడం

పాజిటివ్ వచ్చాక చాలా ఇళ్లలో అక్కడితో ఆగిపోతుంది. ఆడపిల్లల సంబంధాలు చెడతాయని భయం, పెద్దవాళ్లు ఏడుస్తారని జంకు. ఫోన్‌లో చెప్పబోతే సగం మాటలు ఏడుపులోనే పోతాయి. అందుకని మేం రాసి పంపాం. పిన్నికి పంపిన మెసేజ్ ఇది. కావాలంటే పేర్లు మార్చుకుని వాడుకోండి:

“పిన్నీ, అమ్మకి చేసిన జన్యు పరీక్షలో బ్రాకా2లో మార్పు ఉందని తేలింది. ఇది అమ్మమ్మ నుంచో తాతయ్య నుంచో వచ్చి ఉంటుంది. నీకు, మావయ్యకి ఉండే అవకాశం సగానికి సగం. ఉంటే క్యాన్సర్ వచ్చినట్టు కాదు, జాగ్రత్తగా చూపించుకోవాలని అర్థం. అమ్మ రిపోర్టు కింద పెట్టాను. డాక్టరుగారికి అది చూపించి ఆ ఒక్క మార్పుకే టెస్టు రాయమని అడుగు, పెద్ద ప్యానెల్ అక్కర్లేదు. చిన్నాన్న వైపు కూడా ఎవరికైనా క్యాన్సర్ ఉంటే మీ పిల్లల కోసం ఆ సంగతీ చెప్పు. మావయ్య ‘మగవాళ్లకెందుకు’ అంటాడు. ప్రోస్టేట్‌కి, పాంక్రియాస్‌కి కూడా సంబంధం ఉందని, ఆయన కూతుళ్లకి ఆయన నుంచే వస్తుందని చెప్పు. వెళ్లేముందు నాకు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.”